కోసే ఎంజైమ్, కనిపెట్టే ఆకు: మొక్కల తెగుళ్లలో బాక్టీరియా ప్రోటియేజ్‌ల పాత్రపై సమీక్ష

బిలాస్‌పూర్ అనగానే తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేది రైలు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రంగా ఉన్న ఈ పట్టణానికి కొలువుల మీద వచ్చి, అక్కడే ఇళ్లు కట్టుకుని స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. అయితే పట్టణం పొలిమేర దాటి అర్పా నది పరిసరాల్లోని మడులను చూస్తే, తెలుగు నేల నుంచి వచ్చి స్థిరపడినది మనుషులు మాత్రమే కాదని తెలుస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుని 1982లో విడుదలైన స్వర్ణ, అనగా ఎంటీయూ 7029, ఆ తరువాత అదే కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 1010 ఛత్తీస్‌గఢ్ మైదానంలో రైతులు ఏళ్ల తరబడి విస్తారంగా సాగుచేస్తున్న రకాలు. వీటిలో స్వర్ణ దిగుబడిలో ఎంత నమ్మకమైనదో, బాక్టీరియా ఎండాకు తెగులుకు అంత తేలికగా లొంగిపోతుంది. అందుచేత తెగులు కలిగించే బాక్టీరియా మొక్కలోకి ఏయే ఎంజైమ్‌లను స్రవిస్తుంది, వాటిలో ప్రోటీన్లను కోసే ప్రోటియేజ్‌ల వాటా ఎంత అన్న ప్రశ్న ప్రయోగశాలకు పరిమితమైనది కాదు. గోదావరి విత్తనం మీద బతుకుతున్న బిలాస్‌పూర్ రైతుకూ అది సంబంధించినదే.

తెగులు స్వరూపాన్ని ముందుగా చెప్పుకోవాలి. జాంథోమొనాస్ ఒరైజే అనే బాక్టీరియాలో వరిని ఆశించే రెండు ఉపరకాలు ఉన్నాయి. ఒకటి ఎండాకు తెగులును, మరొకటి ఆకుచార తెగులును కలిగిస్తుంది. మొదటిది ఆకు అంచుల్లో నీటి బొట్లు వెలువడే సన్నని రంధ్రాల గుండా గాని, గాయాల గుండా గాని లోపలికి చేరి, నీటిని మోసే నాళాల్లో, అనగా దారువులో కాపురం పెడుతుంది. రెండవది పత్రరంధ్రాల గుండా ప్రవేశించి, నాళాల జోలికి పోకుండా కణాల మధ్య ఖాళీల్లోనే పెరుగుతుంది. దగ్గరి బంధువులైన ఈ రెండింటి నివాసాల్లో ఉన్న ఈ చిన్న తేడా ప్రోటియేజ్‌ల కథలో చాలా పెద్ద తేడాగా పరిణమించింది. ఆ సంగతి ముందుముందు వస్తుంది. ఎండాకు తెగులును జపాన్‌లోని ఫుకువోకా ప్రాంతపు రైతులు 1884లో గుర్తించగా, మన దేశంలో 1963లో బీహార్‌లోని షాహాబాద్ జిల్లాలో అది ఉప్పెనలా విరుచుకుపడింది. తెగులు సోకిన ఆకును అడ్డంగా కోసి, కోసిన కొనను గాజు గ్లాసులోని మంచినీటిలో ముంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, కొద్ది నిమిషాల్లో ఆ కొస నుంచి గంజి ధారలా మసకగా ఒక పోగు నీటిలోకి దిగుతుంది. ఆ పోగులో ఉన్నవి లక్షలాది బాక్టీరియా కణాలు, అవి స్రవించిన జిగురు, ఆ జిగురుతోపాటు అవి బయటికి పంపిన ఎంజైమ్‌లు.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చుకున్న దండ. ఆ పూసల మధ్య బంధాన్ని నీటి అణువు సాయంతో తెంచే ఎంజైమే ప్రోటియేజ్. తెంచే చోట ఏది పనిచేస్తుందన్న దాన్ని బట్టి వీటిని విభజిస్తారు: సెరీన్ అనే అమైనో ఆమ్లం ఆధారంగా పనిచేసేవి సెరీన్ ప్రోటియేజ్‌లు, సిస్టీన్ ఆధారంగా పనిచేసేవి సిస్టీన్ ప్రోటియేజ్‌లు, జింక్ వంటి లోహ అయాన్‌ను పట్టుకుని కోసేవి లోహ ప్రోటియేజ్‌లు. తెగుళ్ల బాక్టీరియాలో ప్రధానంగా కనిపించేవి ఈ మూడే. ఒక బాక్టీరియా ప్రోటియేజ్‌ను స్రవిస్తున్నదో లేదో తెలుసుకునే పరీక్ష ఎంత సులువైనదంటే, చిన్న కళాశాల ప్రయోగశాలలో సైతం ఒక్క రాత్రిలో చేయవచ్చు. వెన్న తీసిన పాలను అగార్‌తో కలిపి పెట్రీ పళ్లెంలో పోస్తే తెల్లగా, పలుచటి పెరుగులా గడ్డకడుతుంది. దాని మీద బాక్టీరియా చుక్క పెట్టి ఉంచితే, తెల్లవారేసరికి ఆ చుక్క చుట్టూ తెలుపు కరిగిపోయి, అద్దంలా పారదర్శకమైన ఒక వలయం ఏర్పడుతుంది. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ అంతమేర ముక్కలైపోయిందన్న మాట. జన్యువు దెబ్బతిని ప్రోటియేజ్ తయారుచేయలేని ఉత్పరివర్తకం చుట్టూ ఆ వలయం ఉండదు. ఈ రంగంలోని జ్ఞానంలో గణనీయమైన భాగం ఈ పాల పళ్లెం మీదనే మొదలైంది.

తొలి పరిశోధనలు చాలావరకు మెత్తకుళ్లు బాక్టీరియా మీద జరిగాయి. బిలాస్‌పూర్ రైల్వే ప్రాంతంలోని బుధవారీ బజారు వంటి ఏ కూరగాయల బజారులోనైనా, వానకాలంలో బంగాళాదుంపల బస్తా అడుగున చెయ్యి పెడితే వేలికి తగిలే ఆ జారుడు ముద్ద, ఆ ఘాటైన దుర్వాసన ఈ జాతి బాక్టీరియా పనితనమే. వీటిలో ఒకటైన డికేయా దదాంతీని, అప్పట్లో ఎర్వీనియా క్రైశాంథెమి అనేవారు, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో సెసీల్ వాండర్స్‌మాన్ బృందం 1980ల చివర నుంచి విస్తృతంగా పరిశోధించింది. అది స్రవించే లోహ ప్రోటియేజ్‌లు, వాటిని బయటికి నెట్టే మూడు ప్రోటీన్ల యంత్రం అప్పుడే వెలుగుచూశాయి. ఇక్కడ ఒక మౌలికమైన చిక్కు ఉంది: బాక్టీరియా శరీరం కూడా ప్రోటీన్లతో కట్టినదే కాబట్టి, ప్రోటీన్లను కోసే కత్తిని తన కడుపులో తయారుచేసుకుంటే అది ముందుగా తననే కోయాలి కదా? దీనికి ప్రకృతి కల్పించిన ఏర్పాట్లు ఒకటికి మించి ఉన్నాయి. ఎంజైమ్ మొదట పనిచేయని రూపంలో, ముందు భాగాన అదనపు ముక్కతో తయారవుతుంది. మడతపడకుండా, దారంలా ఉన్నప్పుడే అది బాక్టీరియాను చుట్టిన రెండు పొరలనూ ఒకేసారి దాటించే మొదటి రకం స్రావక వ్యవస్థ గుండా బయటికి జారిపోతుంది. కాల్షియం అయాన్లు కణం లోపల అత్యల్పం, బయట సమృద్ధం. బయటికి వచ్చాక ఆ కాల్షియం తగిలితేనే ఎంజైమ్ తన అసలు ఆకారంలోకి మడతపడుతుంది. ఇది చాలదన్నట్టు, రెండు పొరల మధ్య చోటులో ఆ ప్రోటియేజ్‌ను అడ్డగించే ఒక చిన్న నిరోధక ప్రోటీన్‌ను కూడా బాక్టీరియా సిద్ధంగా ఉంచుకుంటుంది. ఒరలో కత్తి, ఆ ఒరకు మళ్లీ తాళం అన్నట్టుగా ఉంటుంది ఈ అమరిక.

అయితే మెత్తకుళ్లులో ఈ ప్రోటియేజ్‌లు చేసే హాని ఎంతన్న ప్రశ్నకు వచ్చిన జవాబు కొంత నిరుత్సాహకరమైనదే. కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్‌ను కరిగించే ఎంజైమ్‌లదే అక్కడ మొదటి వరుస. ప్రోటియేజ్‌లు వెనుక వరుసవి. 1999లో మరొక మెత్తకుళ్లు బాక్టీరియాలో ఒక లోహ ప్రోటియేజ్ జన్యువును చెడగొట్టినప్పుడు బంగాళాదుంప మీద దాని తీవ్రత తగ్గిందని తేలింది గాని, తగ్గడం వేరు, ఆగిపోవడం వేరు.

ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం క్యాబేజీ జాతి మొక్కల్లో నల్లకుళ్లు కలిగించే జాంథోమొనాస్ క్యాంపెస్ట్రిస్ నుంచి వచ్చింది. ఇంగ్లాండులో మైక్ డేనియల్స్ బృందం 1990లో ఈ బాక్టీరియా రెండు ప్రధాన ప్రోటియేజ్‌లను స్రవిస్తున్నదని, ఒకటి కాల్షియం అవసరమైన సెరీన్ ప్రోటియేజ్, రెండవది జింక్ ఆధారిత లోహ ప్రోటియేజ్ అని చూపింది. ఈ రెండూ లేని ఉత్పరివర్తకాన్ని ముదురు టర్నిప్ ఆకుల కోసిన ఈనెల కొసల గుండా ఎక్కించినప్పుడు తెగులు తీవ్రత బాగా పడిపోయింది. అదే బృందం 1998లో, ఈ బాక్టీరియా లోహ ప్రోటియేజ్ ఒకటి మొక్క కణకవచంలో ఇనుప చువ్వల్లా అల్లుకుని ఉండే, ప్రోలీన్ ఎక్కువగా గల గ్లైకోప్రోటీన్లను ఎంచి మరీ కోస్తుందని నిరూపించింది. కణకవచమంటే సెల్యులోజ్ గోడ మాత్రమే అనుకునేవారికి ఇది మంచి సవరణ. ఆ గోడలో సున్నం, ఇటుకలతోపాటు ప్రోటీన్ దూలాలూ ఉన్నాయి. పైగా ఈ ఎంజైమ్‌ల ఉత్పత్తిని బాక్టీరియా ఒంటరిగా నిర్ణయించదు. కణాలు గుమికూడినప్పుడు ఒక చిన్న కొవ్వు ఆమ్లాన్ని సంకేతంగా వెదజల్లి, అది తగినంత పోగుపడ్డాకనే ఎంజైమ్‌ల తయారీని పెంచుతాయి. ఆ సంకేతపు రసాయన రూపం 2004లో ఖరారైంది. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, అనగా సీసీఎంబీలో రమేష్ సొంటి బృందం 2002లో, ఇదే సంకేత వ్యవస్థకు చెందిన జన్యువు దెబ్బతిన్న వరి బాక్టీరియా తెగులు కలిగించే శక్తిని కోల్పోతుందని, పైగా ఇనుము తక్కువగా ఉన్నచోట పెరగలేదని చూపించింది.

తెలుగు నేల మీద ఈ ప్రశ్నపై జరిగిన కృషిలో సొంటి బృందానిదే ప్రముఖ స్థానం. బాక్టీరియా ఎంజైమ్‌లను బయటికి పంపే దారుల్లో రెండవ రకం స్రావక వ్యవస్థ ఒకటి. ఇది లోపలి పొర దాటి మడతపడిన ప్రోటీన్లను వెలుపలి పొర గుండా బయటికి తోస్తుంది. 2000లో ఆ బృందం, ఈ వ్యవస్థ చెడిన ఎండాకు తెగులు బాక్టీరియా కణకవచంలోని జైలాన్‌ను కోసే ఎంజైమ్‌ను బయటికి పంపలేక వరి మీద నీరసపడిపోతుందని కనుగొంది. తరువాతి సంవత్సరాల్లో ఒక్కొక్క ఎంజైమ్‌ను విడిగా తీసేసి చూస్తే లోటు కొద్దిగానే కనిపించగా, రెండింటిని కలిపి తీసేస్తే తెగులు గణనీయంగా మందగించింది. ఒక కత్తి పోతే ఇంకొకటి ఆ పని అందుకుంటుందన్న మాట. ఈ పాఠాన్ని ప్రోటియేజ్‌లకూ అన్వయించాలి. ఒక ప్రోటియేజ్ జన్యువును తీసేస్తే తెగులు తగ్గలేదన్న ఫలితాన్ని బట్టి ఆ ప్రోటియేజ్ పనికిరానిదని తీర్మానించడం తొందరపాటు.

అదే బృందం 2007లో బయటపెట్టిన మరో సంగతి ఈ రంగపు దిశనే మార్చింది. రెండవ రకం వ్యవస్థ పంపే ఎంజైమ్‌లు కణకవచాన్ని కోసినప్పుడు వరి మొక్క ఆ కోతను గుర్తుపట్టి తన రక్షణను లేపుతుంది. ఆ రక్షణను అణచడానికి బాక్టీరియా మూడవ రకం వ్యవస్థ ద్వారా మొక్క కణంలోకే నేరుగా ప్రోటీన్లను ఎక్కిస్తుంది. ఎంజైమ్ రెండంచుల కత్తి: మొక్కనూ కోస్తుంది, బాక్టీరియానూ పట్టిస్తుంది.

ఇప్పుడు ఎండాకు, ఆకుచార తెగుళ్ల తేడా దగ్గరకు రావాలి. 2012లో చైనా శాస్త్రజ్ఞులు ఈసీపీఏ అనే స్రావక ప్రోటియేజ్‌ను వరి మీది రెండు ఉపరకాల్లోనూ పరీక్షించి చెప్పిన ఫలితం ఇదీ: కణాల మధ్య ఖాళీల్లో బతికే ఆకుచార బాక్టీరియాకు తెగులు కలిగించడంలో ఈ ప్రోటియేజ్ అవసరం, నాళాల్లో బతికే ఎండాకు తెగులు బాక్టీరియాకు అవసరం లేదు. ఒకే జాతి, ఒకే పంట, దాదాపు ఒకే జన్యువు ఉన్నా, నివాసం మారేసరికి ఎంజైమ్ విలువ మారిపోయింది. కణాల మధ్య ఖాళీలో మొక్క తన రక్షణ ప్రోటీన్లను దట్టంగా పోగుచేస్తుంది. నాళాల్లో పారేది ప్రోటీన్ పలుచగా ఉన్న నీరు. ప్రోటీన్లు ఎక్కువగా ఉన్నచోటే ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్‌కు పని ఎక్కువన్నది సహజమైన వివరణ. అయినా ఎండాకు తెగులు బాక్టీరియాకు ప్రోటియేజ్‌లతో పనే లేదనుకోరాదు. మొక్కలో ప్రవేశించిన వేళ మేలుకొనే నియంత్రణ జన్యువు ఒకటి దీనిలో ఉంది. ఆ జన్యువు అదుపులో నడిచే స్రావక ప్రోటీన్లలో ఒక సిస్టీన్ ప్రోటియేజ్ కూడా ఉన్నట్టు 2004లో జపాన్ పరిశోధకులు చూపారు.

నాళాల్లో బతికే బాక్టీరియాకు ప్రోటియేజ్ అవసరం లేదన్న సూత్రం కూడా అన్నిచోట్లా నిలవదు. టమాటాలో క్యాంకర్ తెగులు కలిగించే క్లావిబాక్టర్ కూడా నాళాల్లోనే బతుకుతుంది. దీని కణంలో ప్రధాన జన్యురాశికి తోడు ప్లాస్మిడ్‌లనే రెండు చిన్న డీఎన్ఏ వలయాలు ఉంటాయి. ఆ రెండూ పోయిన బాక్టీరియా టమాటా నాళాల్లో మామూలుగానే వృద్ధి చెందుతుంది గాని, మొక్క వాడదు. పరాన్నజీవి కాస్తా చప్పుడు చేయని కిరాయిదారుగా మారిపోతుంది. ఆ ప్లాస్మిడ్‌లలో ఒకదాని మీద ఉన్న పాట్-1 అనే ఒక్క జన్యువును తిరిగి చేర్చితే మొక్క మళ్లీ వాడిపోతుందని 1997లో జర్మనీలోని పరిశోధకులు నిరూపించారు. ఆ జన్యువు తయారుచేసేది సెరీన్ ప్రోటియేజ్ తరహా ప్రోటీన్. తెగుళ్ల శాస్త్రంలో బతకడం, చంపడం అన్న రెండు పనులు ఇంత శుభ్రంగా వేరుపడిన ఉదాహరణలు బహు అరుదు.

ఇంతవరకు చెప్పిన ప్రోటియేజ్‌ల పని ఒకరకంగా ఊహించదగినదే: గోడ కోయడం, కణజాలాన్ని చెరచడం. ఊహకు అందని పని ఒకటి 2014లో వెలుగుచూసింది. బాక్టీరియా ఈదడానికి వాడే తోకను కశాభం అంటారు. అది ఫ్లాజెలిన్ అనే ప్రోటీన్ ముక్కలతో అల్లినది. ఆ ఫ్లాజెలిన్‌లో ఇరవై రెండు అమైనో ఆమ్లాల భాగాన్ని మొక్క కణం ఉపరితలంలోని గ్రాహకం ఒకటి పట్టుకోగానే, దొంగ పడ్డాడన్న కబురు కణమంతా పాకుతుంది. టమాటాను ఆశించే సూడోమొనాస్ సిరింజే బాక్టీరియా ఏప్‌ఆర్‌ఏ అనే లోహ ప్రోటియేజ్‌ను స్రవించి, తన తోక నుంచి ఊడిపడిన ఫ్లాజెలిన్ ముక్కలను మొక్క కంటపడక ముందే నరికివేస్తుంది. అల్లిక చెదరని తోకకు మాత్రం హాని చేయదు. దొంగ తన అడుగుజాడలను తానే చెరుపుకుంటూ నడిచినట్టుగా ఉంటుంది ఇది. ఇక్కడ ప్రోటియేజ్ ఆహారానికి కత్తి కాదు, ఆనవాలు చెరిపే చీపురు.

మొక్క కణంలోకే ఎక్కించే ప్రోటీన్లలోనూ ప్రోటియేజ్‌లు ఉన్నాయి. వీటి గురించి ఇక్కడ రెండు మాటలే చాలు, ఎందుకంటే అది తనంతట తానే ఒక గ్రంథమంత విషయం. సూడోమొనాస్‌లోని ఒక సిస్టీన్ ప్రోటియేజ్ అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలోని పీబీఎస్1 అనే ప్రోటీన్‌ను కోస్తుందని, ఆ కోతనే మొక్కలోని కాపలా ప్రోటీన్ కనిపెట్టి రక్షణను లేపుతుందని 2003లో తేలింది. 2016లో అమెరికాలోని రోజర్ ఇన్నెస్ బృందం ఆ పీబీఎస్1లోని కోతచోటును మార్చి, వేరే వ్యాధికారకాల ప్రోటియేజ్‌లు కోసేలా తీర్చిదిద్దినప్పుడు, అదే కాపలా ప్రోటీన్ ఆ కొత్త శత్రువులనూ పసిగట్టింది. అంటే తోడేలు ముందు కట్టిన మేకపిల్లను మార్చి, వేటగాడికి కొత్త మృగాన్ని చూపించారన్న మాట. పంట మొక్కల రక్షణలో ప్రోటియేజ్ పరిజ్ఞానం నేరుగా చేతికందే పనిముట్టుగా మారిన చోటు ఇదే.

మొక్కకు ఇంతకంటే మొరటు పద్ధతి కూడా ఉంది. 2015లో అమెరికాలోని ఫ్రెడరిక్ ఆసుబెల్ బృందం, బాక్టీరియా స్రవించే కొన్ని ప్రోటియేజ్‌ల కోసే చర్యనే అరబిడాప్సిస్ గుర్తుపట్టి రక్షణను లేపుతుందని చూపింది. ఆ జాబితాలో నల్లకుళ్లు బాక్టీరియా ప్రోటియేజ్ ఒకటి ఉంది. కోసే శక్తి కోల్పోయిన ఎంజైమ్‌ను చల్లితే మొక్క స్పందించలేదు. కత్తి ఆకారాన్ని కాదు, కోతనే అది గమనిస్తున్నది.

ఇక వరికి వస్తే, ప్రోటియేజ్ కథ ఊహించని దారిలో పొలం దాకా వచ్చింది. ఆఫ్రికా అడవి వరి నుంచి తీసుకున్న ఎక్స్ఏ21 అనే నిరోధక జన్యువును 1995లో పమేలా రొనాల్డ్ బృందం వేరుచేసింది. ఆ జన్యువు తయారుచేసే గ్రాహకం ఎండాకు తెగులు బాక్టీరియాలో దేన్ని గుర్తుపడుతుందన్నది ఇరవై ఏళ్ల తరువాత, 2015లో తేలింది: ర్యాక్స్ఎక్స్ అనే చిన్న పెప్టైడ్. మొక్కలో పెరుగుదలను ప్రేరేపించే ఒక సహజ పెప్టైడ్‌ను ఇది అనుకరిస్తుంది. ఈ పెప్టైడ్ మొదట పొడుగ్గా తయారై, బాక్టీరియా పొరలోని ర్యాక్స్‌బీ అనే ప్రోటీన్ చేతిలో ముందు భాగం తెగిపోయి, బయటికి పంపబడుతుందని 2019లో అదే బృందం చూపింది. ర్యాక్స్‌బీ ఒకే మేనిలో ప్రోటియేజ్, రవాణా ద్వారం రెండూ. ఆ కోత వల్లనే బాక్టీరియా తన మారువేషం ధరిస్తుంది, ఆ మారువేషాన్నే ఎక్స్ఏ21 పట్టుకుంటుంది.

1986లో బాపట్ల నుంచి విడుదలై తెలుగువారి పళ్లెంలో సన్నబియ్యానికి మరో పేరుగా నిలిచిన సాంబ మసూరి, అనగా బీపీటీ 5204, ఎండాకు తెగులుకు తల వంచే రకం. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంచాలక కార్యాలయం, సీసీఎంబీ కలిసి గుర్తుల సాయంతో చేసిన ప్రజననం ద్వారా దానిలో ఎక్స్ఏ21తోపాటు ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మరో రెండు జన్యువులను చేర్చి, మెరుగుపరచిన సాంబ మసూరిని 2008లో రైతుల చేతికి అందించాయి. మూడు జన్యువులెందుకన్న సందేహం సహజం. ఎక్స్ఏ21ను తప్పించుకున్న బాక్టీరియా రకాల్లో ర్యాక్స్ఎక్స్ జన్యువు మారిపోయి కనిపించింది. ఒకే కాపలాదారును నమ్ముకుంటే దొంగ వేషం మార్చుకుంటాడు. మిగిలిన రెండు జన్యువుల పనితీరు వేరు: ఎక్స్ఏ13 బాక్టీరియాకు చక్కెర అందకుండా చేస్తుంది, ఎక్స్ఏ5 మొక్క జన్యువులను బాక్టీరియా మేలుకొల్పనీయదు. ప్రోటియేజ్ మీద ఆధారపడిన రక్షణ, దానితో సంబంధం లేని రక్షణ రెండూ ఒకే గింజలో పక్కపక్కన ఉన్నాయి.

ఈ ఫలితాలన్నింటినీ బిలాస్‌పూర్ చుట్టుపక్కల మడుల్లో పెట్టి చూస్తే, పరిశోధన పద్ధతిలోని ఒక వెలితి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 1973 నుంచి ప్రామాణికంగా వాడుతున్న పరీక్షలో కత్తెరను బాక్టీరియా ద్రావణంలో ముంచి ఆకు కొనను కత్తిరిస్తారు. వేగంగా, నమ్మకంగా పోల్చడానికి అది మంచి పద్ధతే గాని, బాక్టీరియాను నేరుగా తెగిన నాళంలోకి దించుతుంది. పొలంలో బాక్టీరియా చాలాసార్లు ఆకు అంచున తెల్లవారుజామున నిలిచే నీటి బొట్టులోంచి, ఆ బొట్టు వెలువడే రంధ్రం వెనుకనున్న మెత్తని కణజాలాన్ని దాటి నాళానికి చేరుకోవాలి. ప్రోటియేజ్‌కు నిజంగా పని ఉండే చోటు ఆ కొద్దిపాటి దారి కావచ్చు. కత్తెర దాన్ని దాటవేస్తుంది. ఎండాకు తెగులు బాక్టీరియాకు ఈసీపీఏ అవసరం లేదన్న ఫలితాన్ని ఈ మినహాయింపుతోనే చదవాలి. దానికి తోడు ఛత్తీస్‌గఢ్ రైతుల్లో వెదజల్లిన వరి నెల రోజులు పెరిగాక, నిలిచిన పైరులోనే నాగలితో దున్నే బియాసీ పద్ధతి ఈనాటికీ ఉంది. కలుపు అణగడానికి, పైరు పలుచబడడానికి అది తరతరాల జ్ఞానం. అదే సమయంలో ఎన్నో వేర్లు, ఆకులు గాయపడతాయి. నారు కొనలు తుంచి నాటవద్దని, యూరియా అతిగా వేయవద్దని ఎండాకు తెగులు భయమున్న చోట తెలుగు రైతుకు చెప్పే హెచ్చరిక వెనుక ఉన్నదీ ఇదే తర్కం: గాయం తలుపు తీస్తుంది, అతి నత్రజని ఆకును మెత్తబరుస్తుంది.

బిలాస్‌పూర్‌లో ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయానికి చెందిన ఠాకుర్ ఛేదీలాల్ బారిస్టర్ వ్యవసాయ కళాశాల, పరిశోధన కేంద్రం ఉన్నాయి. రాయపూర్‌లోని ఆ విశ్వవిద్యాలయం అధీనంలో డాక్టర్ ఆర్. హెచ్. రిఛారియా 1970లలో ఊరూరా తిరిగి సేకరించిన వేలాది దేశవాళీ వరి రకాలు భద్రంగా ఉన్నాయి. వాటిలో ఏ ఆకు బాక్టీరియా కోతను త్వరగా పసిగడుతుందో చూడటానికి కావలసినవి ఎక్కడివో తెచ్చుకునేవి కావు. స్థానిక మడుల నుంచి తీసిన బాక్టీరియా, పాల పళ్లెం మీద వలయం ఏర్పడని దాని ఉత్పరివర్తకం, కత్తెరకు బదులు తెల్లవారుజామున ఆకు అంచున నిలిచిన నీటి బొట్టు, ఆ బొట్టును మోసే ఒక స్వర్ణ ఆకు, దాని పక్కన ఒక దేశవాళీ ఆకు.